రెక్క, ఇంజను, ఒళ్ళు, తోక



ఈ రోజు పోస్టు కొంచెం పెద్దది. ధాన్యం రేటు గురించి కాదు, యూరియా గురించి కాదు. విమానాల గురించి. మూడెకరాల రైతుకి విమానాలతో ఏం పనయ్యా అని నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి గానీ చివరిదాకా చదవండి. తిరిగి తిరిగి మన చేలోకే వస్తాను.

మొన్న 2025 మే నెల మీకు గుర్తుండే ఉంటుంది. ఆపరేషన్ సిందూర్ మొదలైన రోజులు. 7వ తేదీన విశాఖలో సైరన్లు మోగించి మాక్ డ్రిల్ చేశారు. మా ఊళ్ళో రామాలయం అరుగు మీద ఆ నాలుగు రోజులూ దాళ్వా ధాన్యం ఊసే లేదు. ఎవరి చేతిలో చూసినా ఫోను, ఎవరి ఫోనులో చూసినా మంటలు. మా వీధిలో ఒక అక్క ఉంది. వాళ్ళబ్బాయి మిలిటరీలో, జమ్మూ వైపు. 9వ తేదీ పొద్దున్న వాళ్ళింటి మీదుగా చేలోకి పోతుంటే గుమ్మంలో కూలబడి ఏడుస్తోంది. ఏంటక్కా అంటే ఫోను నా చేతిలో పెట్టింది. చుట్టాల గ్రూపులో వచ్చిన వీడియో. రాత్రిపూట ఒక విమానం మీదకి నిప్పురవ్వల్లా గుళ్ళు పోతున్నాయి, అది పేలి పడిపోతోంది. కింద "మన విమానం కూల్చేశారు" అని రాసుంది.

వాళ్ళబ్బాయి విమానం నడపడు, సిపాయి. అయినా తల్లి ప్రాణం. అది పడ్డ చోట నా కొడుకున్నాడేమో అని ఆవిడ భయం.

నేను మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాను. మంటలు చూడలేదు, విమానం చూశాను. రెక్కలు వెనక్కి వాలి లేవు, పరంబు లాగినట్టు తిన్నగా ఉన్నాయి. ఇంజన్లు ఒంట్లో లేవు, వీపు మీద తోక దగ్గర రెండు బిందెలు బోర్లించినట్టు బయటికే ఉన్నాయి. తోక నిలువుగా రెండు పలకలు.

"అక్కా, ఇది మన దేశం దగ్గర లేదు. పాకిస్తాన్ దగ్గరా లేదు. ఇది అమెరికా వాడిది, ఏ-10 అంటారు. పైగా ఇది నిజం విమానం కాదు, పిల్లలు ఫోన్లో ఆడుకునే ఆటలోది. లేచి మొహం కడుక్కో" అన్నాను.

ఆవిడ వెంటనే నమ్మలేదు. వీడికేం తెలుసు అన్నట్టు చూసింది. మధ్యాహ్నానికి కొడుకు దగ్గర్నుంచి ఫోనొచ్చింది, అప్పుడు లేచి అన్నం తింది. వీడియో గేముల బొమ్మల్ని యుద్ధం వీడియోలని తిప్పుతున్నారు, నమ్మకండి అని ఆ రోజుల్లోనే కేంద్ర ప్రభుత్వ పీఐబీ కూడా చెప్పింది.

వీడికేం తెలుసు అన్నది న్యాయమైన ప్రశ్నే. ఇంటర్‌తో చదువాపి చేలో దిగినవాణ్ని. నాకు తెలిసిందంతా మా మావయ్య నేర్పింది.

మా అమ్మ పుట్టిల్లు మాధవరం. తాడేపల్లిగూడెం మండలం. పశ్చిమగోదావరిలో ఆ ఊరు తెలియనివాళ్ళు ఉండరు, మిలిటరీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటినుంచీ ఆ ఊరి మగపిల్లలు సైన్యానికి పోతూనే ఉన్నారు. ఇంటికొకరు, కొన్ని ఇళ్ళల్లో ముగ్గురు. మా మావయ్య 1962 చైనా యుద్ధం అయ్యాక, 1964లో చేరాడు. విమానాల్ని కూల్చే ఫిరంగుల దగ్గర పని. 40 ఎంఎం గన్ను అనేవాడు. ఇరవయ్యేళ్ళు చేసి హవల్దారుగా దిగిపోయాడు.

ఆయనకంటే ముందు మా తాతకే విమానాల పిచ్చి పట్టింది. తాత సైన్యానికి పోలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్ళు తాడేపల్లిగూడెంలో విమానాలు దిగడానికి రన్‌వే వేశారు కదా, అక్కడ కంకర మోశాడు. ఇప్పుడు నిట్ కాలేజీ ఉన్న చోటంతా ఆ విమానాశ్రయం భూములే. మన వైపు వాళ్ళు చాలామంది ఆ రన్‌వే మీద పొద్దున్నే నడక నడిచే ఉంటారు, సైకిల్ నేర్చుకునే ఉంటారు. అది ఎందుకు వేశారో మాత్రం ఇప్పటి పిల్లలకి తెలియదు.

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ర్యూజో అనే ఓడ మీద నుంచి లేచి వచ్చాయవి. మద్రాసులో జనం పెట్టేబేడా సర్దుకుని చుట్టాల ఊళ్ళకి పారిపోయారు. మన పల్లెల్లో దీపాలార్పుకుని కూర్చున్నారట. అప్పటివరకు విమానమంటే మన వాళ్ళకి వింత. ఆ రోజు నుంచి శబ్దమొస్తే చాలు భయం. ఎవరిదో తెలియదు కాబట్టి ప్రతిదీ జపాను వాడిదే.

తాతకి అక్కడ పనిచేసే ఒక తమిళ మేస్త్రీ చెప్పాడట, రెక్క మీద ఎర్రబొట్టుంటే జపాను వాడిది అని. చిక్కేంటంటే బ్రిటిష్ విమానం మీదా గుండ్రటి గుర్తుంటుంది, దాని నడుమ కూడా ఎర్రచుక్కే. దూరం నుంచి రెండూ ఎర్రగానే కనిపిస్తాయి. సొంత సైన్యమే సొంత విమానాన్ని కాల్చే ప్రమాదం. అందుకని మన వైపు తిరిగే విమానాల మీద ఆ ఎర్రచుక్క తీసేసి నీలం, తెలుపు, లేకపోతే రెండు రకాల నీలాలు ఉంచారు. అమెరికా వాళ్ళు కూడా 1942లోనే తమ నక్షత్రం నడుమ ఎర్రచుక్క చెరిపేశారు. తాత దీన్ని మా చేత నవ్వుతూ చెప్పించుకునేవాడు. "ప్రాణమ్మీదకొస్తే దొరలు కూడా బొట్టు చెరుపుకున్నార్రా" అని.

ఇక మావయ్య సంగతి. నేను ఎనిమిది చదివేటప్పుడు వేసవి సెలవులకి మాధవరం పోయాను. ఆయన అప్పుడే రిటైరై వచ్చాడు. పాత శుభలేఖల వెనక తెల్లగా ఉంటుంది చూడండి, వాటి మీద నల్ల ఇంకుతో విమానాల నీడలు గీసుకుని పెట్టుకున్నాడు. ఒక్కో విమానానికి మూడు బొమ్మలు. కింద నుంచి చూస్తే ఎలా ఉంటుంది, పక్క నుంచి ఎలా, ఎదురుగా వస్తుంటే ఎలా. ముక్కు చెవులేం ఉండవు, రంగుండదు, వట్టి నలుపు. కార్డు నా ముందు ఇలా ఎత్తి అలా దించేసేవాడు. రెప్పపాటు. ఏంటది? చెప్పు. తెలియదంటే తిట్టేవాడు కాదు, "తెలియదు అని చెప్పడం తప్పు కాదు, తెలియకుండా చెప్పడం తప్పు" అనేవాడు.

నాకు మొదట్లో అన్నీ ఒకేలా కనిపించాయి. అప్పుడు ఆయన పక్షుల దగ్గర మొదలుపెట్టాడు.

"ఏరా అల్లుడూ, కొల్లేరు పక్కోడివి కదా. కొంగ ఎగిరేటప్పుడు మెడ ఎలా పెడుతుంది?"

"ముడుచుకుంటుంది."

"ఎర్రకాళ్ళ కొంగో?"

"చాపుతుంది."

"గూడబాతు?"

"ముడుచుకుని ముక్కు మెడ మీద ఆనిస్తుంది."

"గద్ద తోక?"

"మధ్యలో చీలుంటుంది. గరుడపక్షిది గుండ్రంగా ఉంటుంది."

"ఇవన్నీ నీకెవరు నేర్పార్రా? రంగు చూసి చెబుతున్నావా? ఎండకెదురుగా ఎగిరితే రంగుంటుందా? నీడ చూసే చెబుతున్నావు. ఇదీ అంతే" అన్నాడు.

అప్పుడు చెప్పాడు నాలుగు మాటలు. రెక్క, ఇంజను, ఒళ్ళు, తోక. ఇదే వరుస, వరుస తప్పకూడదు. రెక్క తిన్నగా ఉందా, వెనక్కి వాలిందా, ముక్కోణమా? ఇంజనెక్కడుంది, గాలి ఎక్కడ మింగుతోంది? ఒళ్ళు సన్నమా, లావా, ముక్కు మొనదేలిందా? తోక ఒకటా, రెండా, పైకుందా, కిందకుందా? ఇంగ్లీషు సైన్యంలోనూ, అమెరికా వాళ్ళలోనూ రెండో ప్రపంచ యుద్ధం నాటి నుంచీ ఇదే వరుసలో నేర్పేవాళ్ళు.

ఆ యుద్ధంలో ఈ పని ఎవరు చేశారనుకున్నారు? చాలావరకు మనలాంటి వాళ్ళే. ఇంగ్లండులో దాదాపు 30,000 మంది, రైతులు, బడిపంతుళ్ళు, దుకాణాల వాళ్ళు, వంతులేసుకుని పొలాల మధ్య గుంటల్లో నిలబడి ఆకాశం చూసి ఫోన్లో చెప్పేవాళ్ళు. సముద్రం మీద వచ్చేదాన్ని రాడార్ చూస్తుంది, కానీ తీరం దాటి లోపలికొచ్చాక చూసేది వీళ్ళ కళ్ళే. అమెరికాలో బడిపిల్లల చేత 5 లక్షల చెక్క విమానాలు చేయించి నల్లరంగు వేయించారు, సైనికులకి నేర్పడానికి. అసలు విమానానికి 72వ వంతు సైజు. పేకముక్కల మీద కూడా విమానాల నీడలు ముద్రించారు, ఆడుకుంటూనే నేర్చుకోండని. మన అరుగు మీద పేకాడేవాళ్ళకి ఇలాంటి పేకలిస్తే ఈపాటికి మన జిల్లా అంతా ఎయిర్‌ఫోర్సే.

మన దేశంలోనూ 1965, 1971 యుద్ధాల్లో సరిహద్దు పొడవునా ఇలా కళ్ళతో చూసి వైర్‌లెస్‌లో చెప్పే పోస్టులుండేవి. చెట్టంత ఎత్తులో వచ్చే విమానం రాడార్‌కి చిక్కదు. మనిషి కంటికి చిక్కుతుంది, చిక్కినా రెండు మూడు సెకన్లే.

మావయ్య కార్డుల్లో ఎక్కువ 1971 నాటివి. పాకిస్తాన్ వాళ్ళ సేబర్, స్టార్‌ఫైటర్, మిరాజ్. మనవి నాట్, హంటర్, మిగ్-21, సుఖోయ్-7, మన బెంగళూరులో చేసిన మారుత్. మిగ్-21 రెక్క ముక్కోణం, వెనక చిన్న తోక రెక్కలుంటాయి. మిరాజ్ కూడా ముక్కోణమే, కానీ వెనక తోక రెక్కలుండవు. రెక్క ఒక్కటే చూసి చెబితే మనదాన్ని శత్రువంటావు, తోకదాకా చూడాలి. స్టార్‌ఫైటర్ ఒళ్ళు పెన్సిల్లా పొడుగు, రెక్కలు కత్తిరించినట్టు పొట్టి, తోక మీద అడ్డపట్టె. దాన్ని ఎవరైనా పట్టేస్తారు. క్యాన్‌బెర్రా అనే బాంబర్ ఇద్దరి దగ్గరా ఉంది, వాళ్ళది అమెరికాలో చేసింది, మనది ఇంగ్లండులో చేసింది, తేడా పైలట్ కూర్చునే అద్దం దగ్గర. అన్నిట్లోకీ కష్టమైనవి సేబరూ హంటరూ. రెండిటికీ ఒకే ఇంజను, రెండిటి రెక్కలూ వెనక్కి వాలి ఉంటాయి. తేడా ముక్కులో ఉంది. సేబర్ ముక్కు దగ్గర చేప నోరు తెరిచినట్టు గుండ్రంగా బొక్క, గాలి అక్కడ్నుంచే పోతుంది. హంటర్ ముక్కు మూసుకుని మొనదేలి ఉంటుంది, గాలి రెక్కల మొదట్లోంచి పోతుంది.

"నోరు తెరిచింది సేబరు, మూసుకుంది హంటరు" అని నా చేత వందసార్లు అనిపించాడు. ఎందుకంత పట్టుబట్టాడో అప్పుడు నాకు తెలియలేదు. పాతికేళ్ళ తర్వాత తెలిసింది, అదీ మా చేలో.

ఇప్పుడు చేలోకొస్తున్నాను.

పదిహేనేళ్ళ కిందటి సార్వా. స్వర్ణ వేశాను, పొట్ట దశలో ఉంది. చేను నిగనిగలాడుతోంది. ఒక పొద్దున్న దిగి చూస్తే దుబ్బుల మొదట్లో అక్కడక్కడా సుడిదోమ, దాంతోపాటు పచ్చగా సన్నటి పురుగులు బోలెడు, పైకీ కిందకీ తిరుగుతున్నాయి. నా గుండె జారిపోయింది. పచ్చదోమ కూడా పట్టేసిందనుకున్నాను. పక్క చేను రైతు కొట్టాడని తెలిసి, మందుల కొట్లో అడిగితే రెండు మందులు కలిపి ఇచ్చాడు. రెండుసార్లు కొట్టాను. కొట్టిన సాయంత్రం నీళ్ళ మీద సాలెపురుగులు, పచ్చవి తేలుతుంటే మీసం మెలేశాను కూడా.

మూడు వారాలకి చేను మధ్యలో సుడి పడింది. బండిచక్రమంత గుండ్రంగా ఎండిపోయింది. మర్నాటికి నాలుగు సుడులు. వారానికి ఎకరంన్నర గడ్డిలా తగలబడిపోయింది. ఎకరానికి ముప్ఫై అయిదు బస్తాలు రావాల్సింది పదకొండు వచ్చాయి. ఆ ఏడు పెద్దమ్మాయి ఫీజుకి మా ఆవిడ గాజులు బ్యాంకుకి పోయాయి. తప్పు కొట్టువాడి మీద వేయను. పురుగు ఏదో చూసుకోకుండా అడిగింది నేను.

ఆ పచ్చవి దోమలు కావు. మిరిడ్ నల్లులు. సుడిదోమ గుడ్లని, పిల్లల్ని తినేవి. సుడిదోమ పెరిగితే దాన్ని తినడానికి అవీ పెరుగుతాయి. మనకి సాయమొచ్చిన సైన్యాన్ని నేనే ఆర్చేశాను. దుబ్బుల్లో పెట్టిన దోమ గుడ్లు మాత్రం మందుకి దొరక్కుండా బతికాయి. అవి పొదిగి బయటికొచ్చేసరికి తినేవాడు లేడు.

సంగతి తెలిసి మావయ్య బస్సెక్కి వచ్చాడు. ఎండిన సుడి పక్కన గట్టు మీద కూర్చున్నాడు. చాలాసేపు ఏం మాట్లాడలేదు. నేనే ఏడుపు గొంతుతో "పచ్చగా కనబడితే దోమే అనుకున్నాను మావయ్యా" అన్నాను.

"రంగు చూశావన్నమాట" అన్నాడు. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు. ఇంట్లో అత్తయ్యకి కూడా ఎప్పుడూ చెప్పని సంగతి.

1971 డిసెంబరు. 3వ తేదీ సాయంత్రం పాకిస్తాన్ విమానాలు మన ఎయిర్‌ఫీల్డుల మీద పడ్డాయి, యుద్ధం మొదలైంది. మావయ్య పంజాబ్‌లో ఒక ఎయిర్‌ఫీల్డ్ పక్కన గన్ను దగ్గర. ఆకాశం చూసి చెప్పే డ్యూటీ. రెండో రోజో మూడో రోజో పొద్దున్నే పడమటి నుంచి, అంటే శత్రువు వచ్చే దిక్కు నుంచి, ఒక విమానం కిందగా వస్తోంది. మనవి తిరిగొచ్చే దారి అది కాదు. అందరి వేళ్ళూ గన్ను మీదున్నాయి. మావయ్య వరుసగా చూశాడు. రెక్క వాలింది. ఇంజను ఒకటే. ముక్కు మూసుకుంది. "మనదే, హంటర్, కాల్చొద్దు" అని అరిచాడు. అది పొగ కక్కుకుంటూ దెబ్బతిని దారి తప్పి వచ్చిన మన హంటరే. దిగింది. పైలట్ మొహం మావయ్య ఎప్పుడూ చూడలేదు, బతికాడని మాత్రం తెలుసు. ఆ పూట సుబేదారు తన టీ తెచ్చి ఈయనకిచ్చాడట.

"అక్కడితో ఆగితే బాగుండేదిరా" అన్నాడు.

నాలుగు రోజుల తర్వాత. పొగమంచు. అదే దిక్కు నుంచి అలాగే వాలు రెక్కలతో ఒకటొచ్చింది. మొన్నటి హంటర్ ఇంకా కళ్ళల్లోనే ఉంది. రెక్క చూశాడు, మనదే అనుకున్నాడు. "ఆగండి" అన్నాడు. రెండు సెకన్లు. ముక్కు కనబడేసరికి నోరు తెరుచుకుని ఉంది. అప్పుడు కాల్చారు, తగల్లేదు. అది వేసిన బాంబు వంటశాల పక్కన పడింది. వంట దగ్గరుండే మలయాళీ కుర్రాడు పోయాడు. పొద్దున్నే వేడినీళ్ళు పెట్టిచ్చేవాడట.

"నన్నెవరూ ఏమనలేదు. పొగమంచన్నారు. పొగమంచు కాదురా. నేను ఒకటి చూసి నాలుగు చూశాననుకున్నాను. నువ్వు మనవాణ్ని శత్రువనుకున్నావు, నేను శత్రువుని మనవాడనుకున్నాను. రెండూ ఒకటే తప్పు. వరుస తప్పాం."

నేనేం మాట్లాడలేకపోయాను. నా ఎకరంన్నర ఆ కుర్రాడి ముందు ఎంత. కానీ ఆయన నన్ను చిన్నబుచ్చడానికి చెప్పలేదు. లేచి పంచె ఎగ్గట్టి పక్క మడిలో దిగాడు. "పద, ఆ పచ్చవెలా ఉంటాయో చూపించు. కార్డు గీద్దాం" అన్నాడు.

ఆ రోజు ఇద్దరం మిగిలిన చేలో రెండు గంటలు వంగి చూశాం. ఆయన శుభలేఖ వెనక గీసింది ఇప్పటికీ నా దగ్గరుంది. విమానానికి నాలుగు చూసినట్టే పురుగుకీ నాలుగు. ఒళ్ళు, మీసం, కాళ్ళు, నడక. పచ్చదోమ ఒళ్ళు ముందు వెడల్పుగా వెనక సన్నగా మేకు కొట్టినట్టుంటుంది, మీసాలు కనబడీ కనబడనట్టుంటాయి, తట్టగానే దూకుతుంది, పక్కకి జరుగుతుంది. మిరిడ్ నల్లి ఒళ్ళు పొడుగ్గా మెత్తగా ఉంటుంది, తల దగ్గర నలుపు, మీసాలు పొడుగు, కాళ్ళు పొడుగు, దుబ్బు మీద గబగబా పరిగెడుతుంది. సుడిదోమ గోధుమరంగు, నీటికి పైన దుబ్బు మొదట్లోనే గుంపుగా ఉంటుంది. "దూకితే దోమ, పరిగెడితే మనది" అని కార్డు కింద రాశాడు. రంగు చివర చూడమన్నాడు, ముందు కాదు.

ఆ తర్వాత నేను మందే కొట్టలేదని చెప్పను. కొట్టాల్సినప్పుడు కొట్టాను. కాలిబాటలు తీస్తున్నాను, నీళ్ళు తీసి ఆరబెడుతున్నాను, దోమ ఎక్కువై నల్లులు తక్కువున్నప్పుడే కొడుతున్నాను. సుడి మాత్రం మళ్ళీ పడలేదు.

ఇప్పుడు మిషన్లొచ్చాయి కదా, కళ్ళతో పనేముంది అంటారేమో. 2019 ఫిబ్రవరి 27న కాశ్మీర్‌లో బుద్గాం దగ్గర మన ఎంఐ-17 హెలికాప్టర్‌ని మన క్షిపణే కూల్చింది. అందులో ఆరుగురు ఎయిర్‌ఫోర్స్ వాళ్ళు, కింద ఒక పౌరుడు పోయారు. అది మా పెద్ద తప్పు అని ఎయిర్‌ఫోర్స్ అధిపతే తర్వాత ఒప్పుకున్నాడు. మిషనెంత మంచిదైనా, అది ఎవరిదో తేల్చాల్సింది చివరికి మనిషే. ఆ వార్త వచ్చిన రోజు మావయ్య అన్నం ముట్టలేదని అత్తయ్య చెప్పింది.

ఆయన్ని చివరిసారి సంతోషంగా చూసింది 2024 మార్చి 18న. మన ఊళ్ళ ముందు నుంచి పోయే ఈ హైవే మీదే, కొరిశపాడు దగ్గర, యుద్ధమొస్తే విమానాలు దిగడానికి నాలుగు కిలోమీటర్లకి పైగా రోడ్డుని రన్‌వేలా వేశారు. ఆ రోజు ఎయిర్‌ఫోర్స్ వాళ్ళు విమానాలు దింపుతున్నారని తెలిసి, చీకటితోనే కారు మాట్లాడుకుని తీసుకెళ్ళాను. డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి, ఒక కంటికి శుక్లం. జనం వెనక కుర్చీ వేసి కూర్చోబెట్టాను. దూరంగా చుక్కలా కనబడగానే జనమంతా సుఖోయ్ సుఖోయ్ అని కేకలు.

మావయ్య చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. "రెక్క పైనుంది. ఇంజన్లు రెండు, రెక్క మీద ఎత్తుగా ఉన్నాయి. పంకాలున్నాయి. సుఖోయ్ కాదు, సామాన్లు మోసేది. ఏఎన్-32" అన్నాడు. అదే దిగింది. తర్వాత అసలు సుఖోయ్-30 రోడ్డుకి దగ్గరగా వచ్చి దిగకుండా లేచిపోయింది, చెవులు దిబ్బళ్ళు పడ్డాయి. రెండు తోకలు. ఆయన సర్వీసులో ఉండగా అది పుట్టనే లేదు, అయినా చూడగానే చెప్పాడు. "ఒంటికన్నుతో ఎలా చెప్పావు మావయ్యా" అంటే, "కన్ను ఒకటైనా వరుస నాలుగూ ఉంది కదరా" అన్నాడు.

ఆ ఏడు కార్తీకంలో పోయాడు. పదకొండో రోజున అత్తయ్య శుభలేఖల కట్ట నా చేతిలో పెట్టింది, రబ్బరు బ్యాండు వేసి. పైనున్నది సేబర్. దాని కిందది హంటర్. రెండూ పక్కపక్కనే పెట్టుకున్నాడు ఇన్నేళ్ళూ. 1991లో టీవీలో గల్ఫ్ యుద్ధం చూసి గీసిన ఏ-10 కార్డు కూడా అందులోనే ఉంది. మే నెలలో ఆ అక్క ఫోనులో నేను గుర్తుపట్టింది దాన్నే.

ఇప్పుడు ఆ అక్క ఏ వీడియో వచ్చినా ముందు ఏడవదు. "తమ్ముడూ, ఇది చూసి చెప్పు" అని పంపుతుంది. అన్నీ నాకు తెలియవు. తెలియనప్పుడు తెలియదనే చెబుతాను. మావయ్య నేర్పిన మొదటి పాఠం అదే కదా.

సోదరులారా, విమానాలు గుర్తుపట్టడం మీకు అక్కర్లేదు. కానీ ఈ సార్వాలో దోమ అనుకుని ట్యాంకు భుజానికెత్తుకునే ముందు, పొద్దున్న ఎండెక్కకముందు చేలో దిగండి. నాలుగు మూలలా, నడుమనా కలిపి పది దుబ్బులు వంచి చూడండి. ఒళ్ళు, మీసం, కాళ్ళు, నడక. రంగు చివర. దూకుతోందా, పరిగెడుతోందా చూసుకుని అప్పుడు మందు కలపండి. పక్క చేనువాడు కొట్టాడని కొట్టకండి. వాడు కూడా ఇంకో చేనువాణ్ని చూసే కొట్టి ఉంటాడు.

మీ ఊళ్ళల్లో పాత సైనికులుంటే వాళ్ళ దగ్గర కూర్చుని అడగండి. గట్టు మీద కూర్చుంటే చెబుతారు, ఇంట్లో చెప్పరు.

ఉంటాను. దుబ్బులు చూసే వేళయింది.